ఎర్రదారం దిమ్మలు

స్వాతి కార్తె, రెండో రోజు. మీద 43, గనిలో 29.

ఈ పుస్తకం ముందు పేజీలు ఐసు ప్లాంటువి. పూటపూటకీ మీదా, మేం కాపురముండే ఈ పాత గనిలోనూ వేడి చూసి రాయడం నా పని. వెనక పేజీలు నావి. ఎవరైనా దొంగచాటుగా తిరగేస్తారేమో, వాళ్ళకి ముందే చెబుతున్నాను: నా పేరు ఓదెమ్మ, వయసు పందొమ్మిది, ఎవర్నీ తొందరగా నమ్మను. నాకు అనుమానం ఎక్కువ అంటుంది మా అక్క. ఎక్కువేం కాదు, సరిపడా ఉంది.

ఉద్యోగం దొరికి వారమైంది. జీతం రెండు కార్తెలకోసారి, పది ఐసు దిమ్మలు. తిండికీ నీళ్ళకీ గది అద్దెకీ ఆరు పోతాయి. నాలుగు మిగులుతాయి. ఆ నాలుగూ ఎక్కడ పెట్టాలన్నదే ఇప్పుడు నా గొడవంతా. మా నాయనమ్మ కాలంలో జీతం కాగితాల్లో ఇచ్చేవారట. పెట్టెలో పడేసి మర్చిపోయినా ఏళ్ళ తరవాత కూడా అక్కడే ఉండేదట. ఎంత హాయి! ఇప్పుడు పొద్దున దాచుకున్న దిమ్మ సాయంత్రానికి సగమవుతుంది.

దాచి తీరాలి. అక్క భూలక్ష్మికి ఇప్పుడు రెండో నెల. నెలలు లెక్కేస్తే కాన్పు సరిగ్గా రోహిణి కార్తెలో పడుతోంది. రోహిణి పద్నాలుగు రోజులూ ఎండ దెబ్బకి ప్లాంటు ఆగిపోతుంది, గనిలోకి గాలి తోసే మరలు కూడా ఆగిపోతాయి. పోయినేడు కూడా అక్కకి రోహిణిలోనే కాన్పు అయింది. పిల్లాడు నాలుగు రోజులు బతికాడు. ఐదో రోజు గదిలో ఐసు అయిపోయింది. అంతకంటే రాయలేను.

మూసిన గది ఒకటి పద్నాలుగు రోజులు చల్లగా ఉండాలంటే ముప్పై నాలుగు దిమ్మలు కావాలి. సమ్మయ్య బావ మీద సోలారు పలకలు తుడిచే పనిలో ఉన్నాడు, కిందామీదా పడి పది తెస్తానన్నాడు. మిగిలిన ఇరవై నాలుగూ నావి. రోహిణి లోపల ఏడు జీతాలు వస్తాయి. కరగని చోటు దొరికితే చాలు.

విశాఖ కార్తె, ఐదో రోజు. మీద 41, గనిలో 28.

మొదటి జీతం! ప్లాంటులో ఒక పద్ధతుంది. జీతం దిమ్మలు ఎవరివి వాళ్ళే డబ్బాల్లో నీళ్ళు పోసుకుని గడ్డ కట్టించుకోవాలి. తూకంలో మోసం జరిగిందని తరవాత ఎవరూ ఏడవకుండా పెట్టిన పద్ధతి. నాకు అది బాగా పనికొచ్చింది. నా పాత ఓణీ అంచు నుంచి ఎర్రదారాలు లాగి, మూరెడేసి కత్తిరించి, దిమ్మకొకటి చొప్పున నీళ్ళలో వేశాను. గడ్డ కట్టాక దారం లోపల ఉండిపోయింది. ఇక నా దిమ్మ ఏ మూల తేలినా నేను గుర్తుపడతాను.

ఎక్కడ పెట్టాలో తెలుసుకుందామని క్యాంటీను గోడ మీది మాట్లాడే సలహా పెట్టెను అడిగాను. అది తీయటి గొంతుతో, "మీరు కొత్తగా పొదుపు మొదలుపెడుతున్నారు, చాలా సంతోషం. మీ వయసు వారికి లోతు గోదాం శ్రేయస్కరం," అంది. గని అట్టడుగున తరుగు పట్టుకుని ఐసు దాచిపెట్టే చోటు అది. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను. మళ్ళీ గోదామే అంది. మూడోసారి కూడా గోదామే అనేసరికి వంగి పెట్టె అడుగున చూశాను. చీమ తలంత అక్షరాల్లో, 'లోతు గోదాం వారి బహూకరణ' అని ఉంది. ఓహో అనుకున్నాను.

అయినా గోదాం ఉన్నచోటే ఉంటుంది, పారిపోదు కదా అని రెండు దిమ్మలు అక్కడ పెట్టాను. ఖాతా తెరిచినందుకు ఒక దిమ్మ వాళ్ళే తీసేసుకున్నారు. ఉన్న రెండిట్లో ఒకటి! కిటికీ అవతలి మనిషి నా వంక చూడకుండానే రసీదు చింపి ఇచ్చాడు.

తక్కిన రెండూ మొండన్న దగ్గర పెట్టాను. మొండన్న మూడో సొరంగంలో పట్టుగుడ్ల కంపెనీ నడుపుతున్నాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళ పేర్లన్నీ ఎలా తెలుస్తాయో గానీ, ప్లాంటు గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"చెల్లె, రెండు పెట్టు. రెండు కార్తెలు గాంగనే ఒక దిమ్మ లాభం. నీ రెండు నీకే ఉంటయి. పట్టుగుడ్లకు చల్లదనం గావాలె గద, షెహరోల్లు ఎంతంటే అంత ఇస్తరు."

"గుడ్లు జూపిస్తవా మొండన్నా?"

"అమ్మో! మనిషి కన్ను వడితే పాడైతయి చెల్లె."

కన్ను పడితే పాడైపోయే వ్యాపారం నేనెక్కడా వినలేదు. కానీ లాభం మాట చెవిలో పడ్డాక ఊరుకోవడం కష్టం. దిమ్మల్లో దారాలున్నాయి కదా అని ధైర్యం చేశాను.

జ్యేష్ఠ కార్తె, ఎనిమిదో రోజు. మీద 38, గనిలో 28.

మొండన్న చెప్పిన రోజుకే లాభం ఇచ్చాడు. అందరి ముందూ పేరు పెట్టి పిలిచి మరీ నా చేతుల్లో దిమ్మ పెట్టాడు. చుట్టూ ఉన్న కొత్త పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. నేను దిమ్మను దీపం కింద తిప్పి చూశాను. లోపల ఎర్రదారం ఉంది.

"మొండన్నా, ఇది నా దిమ్మనే."

"ఐసుకు పేర్లుంటయా చెల్లె?"

"దీనికి ఉన్నది. నా దిమ్మ నాకే ఇచ్చి లాభమంటున్నవా? నా రెండోది ఏది?"

నవ్వాడు. రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్ళేసరికి తలుపుకి తాళం. నలుగురం కలిసి తాళం విరగ్గొట్టాం. గదిలో గుడ్లూ లేవు, పురుగులూ లేవు, తడి నేల తప్ప ఏమీ లేదు. కొత్తగా చేరిన ఒక పిల్ల అక్కడే కూర్చుని ఏడ్చింది. నాకు కోపంతో పాటు, దాచుకోవడం ఎందుకు, కొంచెం గర్వం కూడా వచ్చింది. దారం పెట్టింది నేనొక్కదాన్నే కదా.

గోదాం నుంచి నా ఒక్క దిమ్మా వెనక్కి తెచ్చుకున్నాను. నెల తరుగు, తలుపు తీసినందుకు తరుగు పోను సగం మిగిలింది. నాలుగు పెడితే చేతికొచ్చింది ఒకటిన్నర. అది అక్క గదిలో రెండు రోజులకి అయిపోయింది. ఇక ఆరు జీతాలున్నాయి, ఆరు నాలుగులు ఇరవై నాలుగు. ఒక్క దిమ్మ కూడా పోవడానికి వీల్లేదు.

జ్యేష్ఠ కార్తె, తొమ్మిదో రోజు. మీద 38, గనిలో 28.

"సారవ్వ కుప్పల పెట్టరాదే," అంది అక్క.

సారవ్వ పెద్దమ్మ మా సొరంగం చివర ఉంటుంది. అరవై దాటాయి. పన్నెండు మంది ఆడవాళ్ళు తమ దిమ్మలు తెచ్చి ఆమె దగ్గర పెడతారు. సొరంగం పక్కన పాత గొయ్యి, అడుగున వరిఊక, మధ్యలో దిమ్మలన్నీ ఒకదానికొకటి ఆనించి ఒకే కుప్ప, మీద మళ్ళీ ఊక, ఆ పైన తడి గోనెసంచులు. అంతే. కిటికీ లేదు, రసీదు లేదు.

"ఎంత పెరుగుతయి పెద్దమ్మా?"

"పెరగవు."

"కరుగవా మరి?"

"కరుగవని జెప్ప. తక్కువ కరుగుతయి."

"రాసుకోవా?"

"నాకు యాదికుంటది."

"మరి నీకేం మిగుల్తది?"

"నావి గూడ అండ్లనే ఉన్నయి గద బిడ్డా," అని ఊక ఎగదోసుకుంటూ తన పనిలో పడిపోయింది.

రాత్రంతా ఆలోచించాను. లాభం చూపించేవాడు దొంగైతే ఆ లాభం దగ్గర వెతికి పట్టుకోవచ్చు. లాభమే లేదనే మనిషిని ఎక్కడ పట్టుకోవాలి? ఊరికే ఇంత చాకిరీ ఎవరైనా చేస్తారా? ఇవన్నీ అనుకుంటూనే పొద్దున కొత్త జీతం నాలుగు దిమ్మలూ తీసుకెళ్ళి పెట్టాను. వేరే చోటు లేదు మరి. నాలుగింట్లోనూ దారాలున్నాయి. సారవ్వ వాటిని ఎత్తి చూసి, గొయ్యిలోకి దించింది.

శ్రవణం కార్తె, పదో రోజు. మీద 42, గనిలో 29.

పన్నెండు దిమ్మలయ్యాయి. నేను చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

సారవ్వ రోజూ మిట్టమధ్యాహ్నం, అందరూ పనిలో ఉన్నప్పుడు, ఒంటరిగా గొయ్యిలోకి దిగుతుంది. పోయిన కార్తెలో రెండుసార్లు గోనెలో ఏదో మూటకట్టి పైకి తీసుకెళ్ళింది. మూట నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ నీటి చుక్కలు గని మెట్ల దాకా ఉన్నాయి, నేను వెంట వెళ్ళి చూశాను. తిరిగొచ్చేటప్పుడు ఆ తడి మూట లేదు, నెత్తిన ఊక మూట తప్ప.

అక్కతో చెప్తే విసుక్కుంది. "నీకు కన్నతల్లి మీద గూడ అనుమానమేనే!"

అమ్మ ఉంటే అమ్మనీ అడిగేదాన్ని.

ఉత్తరాభాద్ర కార్తె, ఆరో రోజు. మీద 49, గనిలో 31.

ఇరవై దిమ్మలు. అక్క కడుపు ఎత్తుగా కనిపిస్తోంది. పోయినేటి పొత్తిగుడ్డలు పెట్టెలోంచి తీసి మళ్ళీ మడత పెట్టింది. నేను చూడనట్టు ఉండిపోయాను.

ఈరోజు ఉత్తరం బండి వాళ్ళు వచ్చి పేర్లు రాసుకున్నారు. రోహిణికి ఐసు లేనివాళ్ళని కప్పు బండ్లలో కుక్కి, మూడు రోజుల దారి, ఉత్తరాన కొండల్లోకి తీసుకెళ్తారు. మృగశిరకి తిరిగి తీసుకొస్తారు. దారిలో పెద్దవాళ్ళు కొందరు తట్టుకోలేరు. అందుకే తప్పని వాళ్ళు తప్ప ఎవరూ పేరివ్వరు.

ఆ జాబితాలో సారవ్వ పేరుంది! కళ్ళారా చూశాను. పదేళ్ళుగా కుప్ప నడిపే మనిషికి రోహిణికి ఐసు లేదా? లేక కుప్పతో సహా ఉడాయించే ఏర్పాటా?

అశ్విని కార్తె, మూడో రోజు. మీద 52, గనిలో 33.

నిన్న నేను లెక్కేసుకున్న ఏడో జీతం నాలుగూ పెట్టాను. లెక్క ప్రకారం ఇరవై నాలుగు. ఇవాళ సారవ్వ మూటతో మెట్లెక్కి వెళ్ళగానే గొయ్యిలోకి దిగాను.

గోనెలు తీశాను. ఊక తోశాను. కుప్ప చుట్టూ నాలుగు వైపులా, పైనా, చేయి పట్టినంత లోపలికీ చూశాను. ఒక్క ఎర్రదారం లేదు. కనిపించిన దిమ్మలన్నీ అరిగిపోయి, మూలలు గుండ్రబడి, పిడికెడంత అయిపోయాయి. నా ఇరవై నాలుగు! మొండన్న గదిలో తడి నేల కళ్ళ ముందు కదిలింది.

నేరుగా నీళ్ళ పంపు దగ్గరికి పరిగెత్తి అరిచాను. "సారవ్వ మన ఐసు అమ్ముకుంటున్నది! బండికి పేరు గూడ ఇచ్చింది! నా దిమ్మలొక్కటి లేవు!" బిందెలు ఎక్కడివక్కడ వదిలేసి పన్నెండు మందీ వచ్చారు. సారవ్వ తిరిగొచ్చేసరికి అందరం గొయ్యి చుట్టూ ఉన్నాం. ఆమె నెత్తి మీద ఊక మూట ఉంది.

నేను నోటికొచ్చినట్టు అన్నాను. దొంగ అన్నాను. ఆమె ఊక మూట దించి, చెమట తుడుచుకుని, "విప్పుండ్రి," అంది.

విప్పాం. బయటి వరస తీశాం. రెండో వరస తీశాం. సరిగ్గా నడిమధ్యలో, ఒకదాని మీద ఒకటి, మూలలు కోసినట్టు పదునుగా, నిన్న డబ్బాలోంచి తీసినట్టు ఇరవై నాలుగు దిమ్మలు. ఇరవై నాలుగు ఎర్రదారాలు. వాటి చుట్టూ తక్కిన వాళ్ళవి. అన్నిటికీ బయట, వేడికి అడ్డంగా, పిడికెడంతకి అరిగిపోయినవి సారవ్వవి.

మూటలో పైకి తీసుకెళ్ళింది కూడా తన దిమ్మలేనని అప్పుడు తెలిసింది. అవి ఇచ్చి ఊక తెచ్చేది. అలా ఇచ్చీ ఇచ్చీ, అంచున కరిగీ కరిగీ తనకి రోహిణికి మిగల్లేదు. అందుకే బండికి పేరిచ్చింది.

భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అంతటితో అయిపోయినా బాగుండేది. ఎల్లవ్వ అనే ఆవిడ, "ఇయ్యాల అబద్ధమైంది, రేపు నిజమైతే ఎవరు జిమ్మెదారి? నావి నాకిచ్చెయ్," అంది. ఒకరి తరవాత ఒకరు అడిగారు. ఏది ఎవరిదో సారవ్వ చూపించింది, ఒక్కటి కూడా తప్పలేదు. గంటలో కుప్ప లేదు. గొయ్యిలో ఊకా, మూలకి సారవ్వవి పిడికెడంత దిమ్మలూ మిగిలాయి.

నేనూ నావి తెచ్చుకున్నాను. అందరూ తీసుకుంటుంటే నావి ఒక్కటే వదిలి రావడానికి ధైర్యం చాలలేదు. ఇది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

భరణి కార్తె, రెండో రోజు. మీద 55, గనిలో 35.

ఐసు ప్లాంటులో పనిచేసేదాన్ని, నాకు తెలియాల్సిన సంగతే. దిమ్మలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే వేడి తగిలేది అంచులకే. విడదీస్తే ప్రతి దిమ్మా అంచే. మంచం కింద ఎంత ఊక పోసినా, ఎన్ని గోనెలు కప్పినా పన్నెండు రోజుల్లో ఇరవై నాలుగు కాస్తా ఇరవై అయ్యాయి. కరిగిపోయిన నాలుగింటిలోని దారాలు నీళ్ళలో తేలుతుంటే ఏరి గోడ మేకుకి తగిలించాను. అక్క వాటిని చూసింది. తిట్టినా బాగుండేది.

అందరి ఇళ్ళలోనూ ఇదే గోల. సొరంగం పొడవునా గడపల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

కృత్తిక కార్తె, మూడో రోజు. మీద 57, గనిలో 37.

సారవ్వ దగ్గరికి వెళ్ళాను. గడపలోనే నిలబడ్డాను. ఆమె చాటలో ఊక చెరుగుతోంది.

"తప్పయింది పెద్దమ్మా."

"కూసో."

"దిమ్మల్ల దారాలు పెట్టిన నేను. నీ మీద అనుమానంతోని."

"మొదటి దినమే జూసిన."

"చూసి గూడ ఎందుకడగలే?"

"అడిగితే ఏమైతది? దారం తీసేస్తవు, అనుమానం అట్లనే ఉంటది. నడుమ పెట్టిన. నీ అక్క సంగతి నాకెరికే గద, నీవి కరుగొద్దనుకున్న."

ఏడుపు ఆగలేదు. చాట పక్కన కూర్చుని గట్టిగానే ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఊక చెరగడం మాత్రం ఆపింది. కాసేపటికి, "ఏడిస్తే గది చల్లగైతదా? పోయి అడుగుపో అందర్ని," అంది.

కృత్తిక కార్తె, ఆరో రోజు. మీద 58, గనిలో 38.

పన్నెండు గడపలు తొక్కాను. ఒకే కుప్ప, ఒకే గది, అందరం అందులోనే ఉందాం అని చెప్పాను. మొదటి ఇంట్లోనే తలుపు మొహం మీద వేశారు. ఎల్లవ్వ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"మొన్న దొంగ అంటివి. ఇయ్యాల తెచ్చి పొయ్యమంటున్నవు. సారవ్వ నీకెంత ఇస్తనన్నది?"

నా మాటలే, నా గొంతే. ఎదురుగా నిలబడి వినడం ఎంత కష్టమో మొదటిసారి తెలిసింది. "ఏం ఇయ్యనన్నది అక్కా. ఆమె ఎవ్వరికి ఏం ఇస్తనన్లే ఎన్నడు," అన్నాను. ఎల్లవ్వ లోపలికి వెళ్ళి ఆరు దిమ్మలు గోనెలో పెట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. తక్కిన వాళ్ళు రాలేదు. రమ్మని అడిగే మొహం నాకూ లేదు.

ఈసారి కుప్ప అక్క పడుకునే గదిలోనే ఒక మూల గొయ్యి తవ్వి పేర్చాం. బావ పదీ అందులోనే వేశాడు. ఈలోగా ఇంకో ఐదు కరిగిపోగా మిగిలిన నా పదిహేను, ప్లాంటు మూసేముందు ఇస్తారో ఇవ్వరో అని లెక్కలో వేసుకోని ఇవాళ్టి జీతం నాలుగు కూడా వేశాను. ఆ నాలుగింట్లో దారం పెట్టలేదు. డబ్బాలో నీళ్ళు పోస్తుంటే చెయ్యి అలవాటుగా ఓణీ అంచు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు. మీద 60, గనిలో 40.

రేపు పొద్దున ఉత్తరం బండి. గదిలో ఉన్న ఐసు అక్కకీ, పుట్టే బిడ్డకీ, ఆ ఐదుగురికీ, ఇంకొక్క మనిషికీ సరిపోతుందని సారవ్వే లెక్క చెప్పింది. బావ పలకల కాపలా వాళ్ళతో మీద సర్కారు వేసే చల్లటి గుడారంలో ఉంటాడు. మిగిలింది నేనూ సారవ్వా, ఉన్నది ఒక్క చోటు.

"నువ్వుండు బిడ్డా, అక్క పక్కన. నా పేరు ముందుగాల్నే ఇచ్చి పెట్టిన," అంది సారవ్వ.

నేను బండి వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆమె పేరు కొట్టించి నా పేరు రాయించాను. తిరిగొచ్చి చెబితే ఆమెకి మొదటిసారి కోపం వచ్చింది.

"అక్క కాన్పుకు ఉండవా? నీకేమన్న పిచ్చా?"

"నేను పురుడు పోస్తనా పెద్దమ్మా? నీకొస్తది. కుప్ప గూడ నీకే తెల్సు, ఎప్పుడెంత తియ్యాల్నో. నేనుంటే పూటకోసారి విప్పి జూస్త. అందరి పాణాలు తీస్త."

అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఓదీ, నాకు భయమైతున్నదే," అంది. నాకూ భయంగానే ఉంది. నా ఐసంతా, మా అక్కా, పుట్టబోయే బిడ్డా ఒకరి చేతుల్లో ఉన్నారు. మూడు రోజుల దూరం నుంచి నేను ఏదీ తనిఖీ చేయలేను.

రోహిణి కార్తె, ఆరో రోజు. కొండల్లో 39. మా ఊళ్ళో ఎంతుందో తెలియదు.

ప్లాంటు మూసేశారు కాబట్టి పుస్తకం వెంట తెచ్చుకున్నాను. దారి గురించి రాయను. మా బండిలో నలభై మందిమి ఎక్కాం, ముప్పై ఎనిమిది మందిమి దిగాం. పోయిన ఇద్దరూ సారవ్వ వయసు వాళ్ళే.

అబద్ధం ఎందుకు, ఇక్కడికొచ్చాక అనుమానాలు ఇంకా ఎక్కువయ్యాయి. సారవ్వ అక్కని పక్కకి తోసి ఐదుగురికీ ముందు చూస్తుందా? ఎల్లవ్వ రాత్రిపూట రెండు దిమ్మలు లాగేస్తుందా? పోయినేడు ఐదో రోజుకి అయిపోయింది. ఇవాళ ఆరో రోజు. బిడ్డ పుట్టిందా? పుట్టి ఉందా? అడగడానికి ఎవరూ లేరు. చల్లగాలిలో కూర్చున్నా చెమటలు పోస్తున్నాయి.

మృగశిర కార్తె, మొదటి రోజు. మీద 44, గనిలో 33.

బండి దిగి మెట్ల మీద పరుగే. గాలి మరలు మళ్ళీ తిరుగుతున్నాయి. మిరుగం నాడు చేపలు తినాలి కాబట్టి సొరంగమంతా చేపల కూర వాసన. మా తలుపు దగ్గరికి వచ్చాక మాత్రం ఆగి చెవి ఆనించాను. లోపల నిశ్శబ్దంగా ఉంది. పోయినేడు కూడా ఇలాగే నిశ్శబ్దంగా ఉండింది.

అప్పుడు ఏడుపు వినిపించింది. పిల్లి కూన అరిచినట్టు సన్నగా, కోపంగా. అంత అందమైన ఏడుపు నేను వినలేదు.

అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. చిక్కిపోయింది గానీ నవ్వుతోంది. ఒళ్ళో పాప. పుట్టి పది రోజులట. "నీ పోలికనే," అంది అక్క. "పుట్టంగనే అందర్ని ఒక్కొక్కల్లనే ఎగాదిగా జూసింది."

పాపని ఎత్తుకున్నాను. గుడ్డ తొలగితే నడుముకి మొలతాడు కనిపించింది. నల్లది కాదు, ఎర్రది. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. దిమ్మ కరిగినప్పుడల్లా గొయ్యిలో మిగిలిన దారాన్ని సారవ్వ తీసి ఆరబెట్టి, అన్నీ కలిపి పేని మొలతాడు కట్టింది. మూలన నిలబడి నన్నే చూస్తోంది పెద్దమ్మ.

సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను: ముడికి ఒక పక్కన విడిగా ఉన్న దారం కొసలు లెక్కపెట్టాను. ఏడుస్తూనే లెక్కపెట్టాను. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను.

"పెద్దమ్మా, నేను పెట్టినయి పదిహేను. పద్నాలుగే ఉన్నయి."

ఎల్లవ్వ పకపకా నవ్వింది. "నేను జెప్పలే? వచ్చుడు వచ్చుడే లెక్కవెడ్తదంటే ఇనకపోతిరి!"

సారవ్వ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మూలనున్న గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. తడి గోనె ఎత్తింది. ఊక పక్కకి తోసింది. అడుగున ఒక్క దిమ్మ ఉంది. మూలలు కొంచెం అరిగాయి, అంతే. లోపల ఎర్రదారం మూరెడు పొడుగునా తిన్నగా ఉంది.

"ఇది నడుమది. రేపటి సంది పేర్చే వచ్చేటేడు కుప్పకు అడుగుల పెడ్దామని ఉంచిన," అంది.

పాపని భుజానికి మార్చుకుని, ఒక చేత్తో ఊక మళ్ళీ కప్పాను.